టండ్రాలో ఉల్లంకి పిట్టలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఈ పిట్టలు ఎప్పుడూ గుంపులుగానే ఉంటాయి.

చలికాలంలో పులికాట్‌లో ఉల్లంకుల గుంపు ఒక్కసారిగా లేవడం చూసినవాళ్లు ఇలాగే అనుకుంటారు. ఇవి పొదిగేది టండ్రాలో, అంటే ఉత్తర ధ్రువం చుట్టూ ఉన్న చెట్లు పెరగని చలి నేలలో. జూన్‌లో అక్కడ, అలాస్కా ఉత్తర కొసన ఉట్కియాగ్విక్ దగ్గర సంగతి వేరు. వచ్చిన కొత్తలో మంచు కరిగిన కాస్త నేల మీదే అన్నీ గుమిగూడతాయి. మంచు తగ్గేకొద్దీ విడిపోతాయి. చాలా జాతుల్లో మగది తన జాగాలోకి ఇంకో మగదాన్ని రానివ్వదు. జూన్ చివర్లో గుంపు కనబడితే, గూడు పోగొట్టుకున్నవేమో, పొదిగే పని లేని మగవేమో అని చూడాలి.

అపోహ: రాత్రి వేళ చూసేందుకు ఏమీ ఉండదు.

అక్కడ మే రెండో వారం నుంచి ఆగస్టు మొదలయ్యే దాకా సూర్యుడు అస్తమించడు. పెక్టోరల్ శాండ్‌పైపర్ అనే ఉల్లంకిలో మగది అర్ధరాత్రి కూడా ఛాతీ సంచిలా ఉబ్బించి, గడ్డికి కాస్త పైన ఆడదాని మీదుగా ఎగురుతూ 'ఊ ఊ ఊ' అని బోలుగా మోగుతుంది. దిగగానే రెక్కలు వేలాడేసి వెంటపడుతుంది. 2012లో వెలువడిన పరిశోధనలో ఒక మగది 19 రోజుల పాటు 95 శాతం సమయం మెలకువగానే ఉందని తేలింది. తక్కువ నిద్రపోయిన మగవాటికే ఎక్కువ పిల్లలు పుట్టాయి. పగటి డ్యూటీ మాత్రమే చేసి రాసుకున్న నోట్సు నాకు సగం నోట్సులాగే అనిపిస్తుంది.

అపోహ: మగదే అందంగా ఉంటుంది, ఆడదే పొదుగుతుంది.

ఉల్లంకుల కుటుంబానికే చెందిన రెడ్ ఫాలరోప్ దీనికి పూర్తిగా తలకిందులు. ముదురు ఇటుక రంగు ఆడదానిది, మగది వెలిసినట్టుంటుంది. మగదాని కోసం ఆడవే కొట్లాడుకుంటాయి. గుడ్లు పెట్టాక ఆడది వెళ్లిపోతుంది, మగదే పొదిగి పిల్లల్ని సాకుతుంది.

అపోహ: ఈడ్చుకుంటూ పోయే పిట్టకు దెబ్బ తగిలింది.

చాలాసార్లు అది గూటి నుంచి మన దృష్టి మళ్లించే ఎత్తు. వెంటపడకండి, వచ్చిన దారినే వెనక్కి రండి. గుడ్లు చల్లబడితే నష్టం వాటికే.

అపోహ: పెద్దవే పిల్లలకు దారి చూపిస్తూ వలస తీసుకెళ్తాయి.

పిల్లలు పుట్టిన రోజే నడిచి, తమ తిండి తామే ఏరుకుంటాయి. పెద్దవి ముందే బయల్దేరతాయి. సైబీరియాలో పొదిగే కర్లూ శాండ్‌పైపర్లు మన తీరానికి వచ్చినప్పుడు గమనించండి: ముందుగా దిగేవాటి ఒంటిమీద ఇటుక ఎరుపు ఇంకా మచ్చలుగా ఉంటుంది, అవి పెద్దవి. పొలుసుల్లాంటి అంచులున్న ఈకలతో తర్వాత వచ్చేవి ఆ ఏటి పిల్లలు.