భూమి కాగితాల్లో దాగిన వివక్ష: అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో భూమి కేసులు వాదించే న్యాయవాదిగా నేను తరచుగా వినే మాటలివి.

అపోహ: వివక్ష మనుషుల మనసుల్లోనే ఉంటుంది, మనసు మారితే అదే పోతుంది.

వాస్తవం: మనసు మారినంత మాత్రాన దస్త్రం మారదు. నిజాం కాలంలో దొరల గడీలకు వెట్టి చేసిన కులాలకు పట్టా దక్కలేదు. 1949లో జాగీర్లు రద్దయినా, పహాణీకి (ఏ భూమి ఎవరిదో, ఎవరు సాగు చేస్తున్నారో రాసే గ్రామ రికార్డుకు) ఎక్కని తాత నుంచి మనవడికి సంక్రమించేదేమీ లేదు. ఆ మనవడిని ఆదరంగా కూర్చోబెట్టి మాట్లాడే తహసీల్దారు సైతం రికార్డులో లేని హక్కును ఇవ్వలేడు.

అపోహ: నిబంధనలో కులం పేరు లేకపోతే అది అందరికీ సమానమే.

వాస్తవం: నేను గట్టిగా విభేదించేది ఈ మాటతోనే. 2018లో మొదలైన పెట్టుబడి సాయం పథకం రైతుబంధు పంటకాలానికి ఎకరాకు 4,000 రూపాయల చొప్పున పట్టాదారుకు ఇచ్చింది. దున్నేది ఎవరని అడగలేదు. అదే ఏడాది వచ్చిన 5 లక్షల రైతుబీమా కూడా పట్టాదారుల కుటుంబాలకే పరిమితమైంది. మన ఊళ్లలో కౌలు నోటిమాట మీద నడుస్తుంది కనుక, కౌలు భూమిలో పత్తి వేసి అప్పులపాలై చనిపోయిన మనిషి భార్య చూపగలిగే కాగితం ఏదీ ఉండదు. కౌలుదారులకు గుర్తింపు కార్డులిచ్చేందుకు 2011లో చట్టం వచ్చింది గాని, కార్డు ఇస్తే భూమి చేజారుతుందని పట్టాదారులు జంకారు. (ఆ భయం ఊరికే పుట్టిందని నేననను, 1950 కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారులైనవారిలో ఎందరో తర్వాత యజమానులయ్యారు.) భూమి నిజంగా ఎవరి సాగులో ఉందో చూపేందుకు పహాణీలో ఉండిన అనుభవదారు కాలమ్ కూడా కొత్త రికార్డుల్లో పోయింది. కౌలుదారుల్లో అన్ని కులాలవారూ ఉన్నారు. అయితే సెంటు భూమి కూడా లేక కౌలుకు దిగి, చివరకు నా గుమ్మం ఎక్కేవారిలో దళితులు, వెనుకబడిన కులాలవారే ఎక్కువ. ఇందులో ఏ ఉద్యోగీ ఎవరినీ ద్వేషించనక్కరలేదు. పాత పట్టాల జాబితాయే ఆ పని చేసిపెడుతుంది.

అపోహ: ఆడపిల్లలకు హక్కు వచ్చేసింది.

వాస్తవం: చట్టంలో 1986లోనే వచ్చింది. పసుపుకుంకుమల పేరిట కొంత ముట్టజెప్పి వాటా వదులుకున్నట్టు సంతకం పెట్టించుకోవడం ఇంకా ఆగలేదు.

అపోహ: ఒక వర్గానికి ప్రత్యేక చట్టం చేయడమే వివక్ష.

వాస్తవం: ఏటూరునాగారం వంటి గిరిజన ఏజెన్సీ ప్రాంతాల్లో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా అమలయ్యే 1/70 చట్టం ప్రకారం, గిరిజనేతరుని చేతిలో ఉన్న భూమి గిరిజనుని నుంచి వచ్చినదేనని ముందుగా భావించాలి; కాదని రుజువు చేసుకునే భారం భూమి పట్టుకున్నవాడిదే. సుప్రీంకోర్టు దీనిని 1988లో సమర్థించింది. మైదానంలోని నా కౌలుదారు కక్షిదారుల విషయంలో మాత్రం ఆ భారమంతా కాగితం లేనివారి మీదే ఉంది.