మెనోపాజ్‌లో శారీరక సంబంధం: నొప్పిని వయసు ఖాతాలో వేసేయకండి

నెలసరి ఆగిపోయే వయసులో ఒంట్లోంచి ఆవిర్లు వస్తున్నాయని, నిద్ర పట్టడం లేదని, ఊరికే చిరాకేస్తోందని చాలామంది ఆడవాళ్లు చెప్పుకుంటారు. కలయిక సమయంలో మంట పుడుతోందన్న మాట మాత్రం డాక్టర్ ముందు కూడా నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. ఈ వయసులో ఇంకా అదేంటని అనుకుంటారేమోనన్న బెరుకు. కొన్నాళ్లు అలా నెట్టుకొచ్చాక తమకే ఇష్టం పోయిందని తీర్మానించేసుకుంటారు. కానీ చాలామందిలో ముందు మొదలయ్యేది నొప్పి. ఇష్టం తగ్గడం దాని వెనకాలే వస్తుంది. ఈ వరస తెలియకనే, నయం చేయగలిగిన సమస్యను వయసు ఖాతాలో వేసేసి ఊరుకుంటున్నారు.

వరసగా 12 నెలలు నెలసరి రాకపోతే మెనోపాజ్ వచ్చినట్టు లెక్క. ఎక్కువమందికి ఇది 45–55 ఏళ్ల మధ్య వస్తుంది. అంతకు కొన్నేళ్ల ముందునుంచే హార్మోన్లు ఎగుడుదిగుడుగా ఉండి, చివరికి అండాశయాల నుంచి వచ్చే ఈస్ట్రోజెన్ బాగా పడిపోతుంది.

ఆ హార్మోన్ ఉన్నన్నాళ్లూ యోని లోపలి పొర మందంగా, సాగే గుణంతో, తడిగా ఉంటుంది. దాని కణాల్లో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిలవ ఉంటుంది. పాత కణాలు రాలిపోతున్నప్పుడు ఆ గ్లైకోజెన్ అక్కడే ఉండే లాక్టోబాసిల్లస్ బాక్టీరియాకు ఆహారంగా అందుతుంది. అవి లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తాయి. అందుకే ఆ చోట పీహెచ్ 4.5 లోపు, అంటే పుల్లగా ఉండి, హాని చేసే క్రిములు నిలదొక్కుకోలేవు. ఈస్ట్రోజెన్ తగ్గగానే ఈ ఏర్పాటంతా సడలిపోతుంది. పొర పలచబడుతుంది, రక్తప్రసరణ తగ్గుతుంది, గ్లైకోజెన్ తరిగిపోతుంది, మేలు చేసే బాక్టీరియా పలచబడి పీహెచ్ 5 దాటిపోతుంది. పొడిబారడం, దురద, కలయికలో మంట, ఒక్కోసారి కొద్దిగా రక్తం కనబడటం ఇందువల్లే.

మూత్రనాళం, మూత్రాశయం కూడా ఇదే హార్మోన్ మీద ఆధారపడతాయి. అందుకే మాటిమాటికీ మూత్రం రావడం, ఇన్ఫెక్షన్లు తిరగబెట్టడం తోడవుతాయి. 2014లో వైద్య సంఘాలు ఈ లక్షణాలన్నిటినీ కలిపి ఒకే సమస్యగా గుర్తించాయి. మెనోపాజ్ దాటిన ఆడవాళ్లలో దాదాపు సగం మందిని ఇది బాధిస్తుంది. ఆవిర్లు కొన్నేళ్లకు సద్దుమణుగుతాయి గానీ, ఇది మాత్రం పట్టించుకోకపోతే ముదురుతుంది.

ఇక నొప్పి సంగతి. నలక పడబోతోందనిపిస్తే కంటిరెప్ప ఎలా టక్కున మూసుకుంటుందో, కలయికలో రెండుమూడుసార్లు బాధ పడ్డాక యోని చుట్టూ ఉన్న కటి కండరాలు కూడా అలాగే ముందే బిగుసుకుంటాయి. మనం కావాలని చేసేది కాదది. బిగుసుకుంటే నొప్పి పెరుగుతుంది, నొప్పి గురించిన టెన్షన్‌తో తడి ఊరదు, తడి లేక మరింత మంట. రాత్రవుతుందంటేనే గుబులు పుట్టే స్థితిలో ఇష్టం ఎక్కణ్ణుంచి వస్తుంది? పొర కోలుకున్నాక కూడా కొందరిలో ఈ బిగుతు పోదు. దాన్ని సడలించడం నేర్పే ఫిజియోథెరపిస్టులు ఉన్నారు.

మందుల దుకాణంలో దొరికేవాటిలో రెండు రకాలున్నాయి, ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకోకూడదు. మాయిశ్చరైజర్‌ను కలయికతో పని లేకుండా వారానికి రెండుమూడుసార్లు వాడాలి. లూబ్రికెంట్‌ది అప్పటికప్పుడు రాపిడి తగ్గించే పని. నీళ్లతో చేసినవాటికంటే సిలికాన్‌వి ఎక్కువసేపు ఉంటాయి. నూనెతో చేసినవి లేటెక్స్ కండోమ్‌ను పాడుచేస్తాయి. గ్లిజరిన్ లాంటివి ఎక్కువగా కలిపిన చిక్కటి లూబ్రికెంట్ అయితే చుట్టూ ఉన్న కణాల్లోంచి నీటిని లాగేసి, పలచబడ్డ పొరను ఇంకా చికాకు పెడుతుంది. అందుకే లూబ్రికెంట్ల ఆస్మోలాలిటీ, అంటే నీటిని లాగే గాఢత కొలత, కిలోకు 1200 మిల్లీఆస్మోల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. రాసుకున్నాక మంట పెరిగిందంటే తప్పు మీ శరీరానిది కాదు, ఆ ట్యూబ్ మార్చి చూడండి.

వీటితో సరిపోకపోతే యోనిలోనే వాడే తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ ఉంది. క్రీమ్, చిన్న మాత్ర, మూడు నెలలు లోపల ఉంచే రింగ్ రూపాల్లో వస్తుంది. ఇది అసలు కారణానికే మందు: పొర మళ్లీ మందమవుతుంది, పీహెచ్ తగ్గుతుంది, మూత్ర ఇన్ఫెక్షన్లూ తగ్గుతాయి. అయినా హార్మోన్ అనగానే జనం జంకుతారు. ఆ భయానికి మూలం 2002. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపిన మాత్రలను 16,608 మంది మీద పరీక్షిస్తున్న అమెరికా అధ్యయనాన్ని రొమ్ము క్యాన్సర్, గుండె జబ్బుల ముప్పు కనబడటంతో మధ్యలోనే ఆపేశారు. అవి నోటితో మింగి ఒళ్లంతా పాకే మాత్రలు. యోనిలో వాడే చిన్న మోతాదు రక్తంలోకి చేరేది చాలా తక్కువ. అదే పరిశోధనా కార్యక్రమంలోని 45,000 మందికి పైగా మహిళల సమాచారాన్ని విశ్లేషించి 2018లో ప్రచురించిన ఫలితాల్లో, యోనిలో ఈస్ట్రోజెన్ వాడినవారికి ఆ ముప్పులు పెరిగినట్టు కనబడలేదు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు మాత్రం ముందు హార్మోన్ లేనివి వాడి, చాలకపోతే క్యాన్సర్ డాక్టర్‌తో మాట్లాడాకే దీని జోలికి వెళ్లాలి. లేజర్‌తో యవ్వనం తెస్తామనే ప్రకటనల గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లోనే హెచ్చరించింది. వాటికి డబ్బు తగలేయొద్దని నా మాట.

నొప్పి లేకున్నా ఇష్టం తగ్గినవాళ్లూ ఉంటారు. కోరికతో ముడిపడిన టెస్టోస్టిరాన్ హార్మోన్ హఠాత్తుగా పడిపోవడమే కారణమని అనుకుంటారు గానీ, అది యవ్వనం నుంచే మెల్లగా తగ్గుతూ వస్తుంది. సహజంగా వచ్చే మెనోపాజ్‌లో ఒక్కసారిగా కూలిపోదు. ఆపరేషన్‌లో అండాశయాలు తీసేసినవారి విషయం వేరు. నిద్రలేమి, డిప్రెషన్, దానికి వాడే కొన్ని మందులు కూడా ఇష్టాన్ని తగ్గిస్తాయి. కెనడా వైద్యురాలు రోజ్‌మేరీ బాసన్ 2000లో ఇంకో విషయం వివరించారు. చాలామంది స్త్రీలలో, ముఖ్యంగా చాలాకాలం కలిసి బతికినవారిలో, కోరిక ముందే పుట్టి దగ్గరవరు. దగ్గరితనం, స్పర్శ మొదలయ్యాక కోరిక మేల్కొంటుంది. దానంతటది కలగలేదని తమలో ఏదో లోపముందనుకోనక్కర్లేదు.

రెండు జాగ్రత్తలు. ఏడాది పాటు ఆగిపోయాక మళ్లీ రక్తం కనబడితే, ఒక్క చుక్కైనా సరే, డాక్టర్‌కి చూపించుకోవాలి. నెలసరి క్రమం తప్పినంత మాత్రాన గర్భం రాదనుకోకూడదు.

ఇంట్లో జరిగేది చూస్తే, నొప్పికి భయపడి ఆమె దూరం జరుగుతుంది, తనంటే గిట్టడం లేదని అతను అనుకుంటాడు. చేయి పట్టుకుంటే అక్కడిదాకా వెళ్తుందేమోనని ఆమె ఆ చేయి కూడా విడిపించుకుంటుంది. యోనిలో వాడే ఈస్ట్రోజెన్ పూర్తిగా పనిచేయడానికి 8–12 వారాలు పట్టొచ్చు. అప్పటిదాకా కలయిక వద్దని ఇద్దరూ ముందే నోటితో అనుకుంటే, మిగిలిన ముద్దూ మురిపెం భయం లేకుండా సాగుతాయి. ఎక్కడ, ఎప్పుడు, ఎలా నొప్పి పుడుతోందో అతనికి చెప్పాలి. అవే మాటలు డాక్టర్‌కీ పనికొస్తాయి.