ఫిల్టర్ కడిగిన మర్నాడే చేపలెందుకు పోతాయి? ఆఫ్రికన్ సిక్లిడ్ ట్యాంకులపై అపోహలు - వాస్తవాలు

"అన్నా, నిన్ననే ఫిల్టర్ మొత్తం విప్పి కడిగాను. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అయినా చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి." ట్యాంకుల పని చేసే నాకు ఈ ఫోను వస్తూనే ఉంటుంది. మనుషులు మారతారు, జరిగింది మాత్రం అదే. ఆ గొంతులో వణుకు వింటే వాళ్ళ మీద కోపం రాదు. కోపమంతా "నెలకోసారి ఫిల్టర్‌ని కొళాయి కింద బాగా తోమాలి" అని వాళ్ళకు చెప్పినవాళ్ళ మీదే.

అపోహ: ఫిల్టర్ ఎంత శుభ్రంగా ఉంటే చేపలకు అంత మంచిది.

వాస్తవం: మీరు మురికి అనుకుని కడిగేసిన ఆ గోధుమరంగు జిగురే ట్యాంకును కాపాడుతోంది. చేపలు మొప్పల్లోంచి వదిలే అమోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా కాపురం ఉండేది అందులోనే. కొళాయి నీళ్ళలో క్లోరిన్ కలిపేదే బాక్టీరియాను చంపడానికి. మనకు పనికొచ్చే బాక్టీరియా అని అది వదిలిపెట్టదు. ఫిల్టర్ లోపలి స్పాంజి, సిరామిక్ రింగులు అన్నీ ఒకే రోజు ఆ నీళ్ళతో రుద్దేస్తే మోటారు తిరుగుతూనే ఉంటుంది, నీళ్ళూ తేటగానే ఉంటాయి. అమోనియాకు రంగు లేదు కదా.

ఇదే పొరపాటు మెత్తటి నీళ్ళలో, అంటే లవణాలు తక్కువున్న నీళ్ళలో ఉండే చేపల దగ్గర జరిగితే ఒక్కోసారి గండం గడుస్తుంది. ఆఫ్రికా సరస్సులు మలావీ, టాంగన్యీకాల నుంచి వచ్చిన సిక్లిడ్ చేపల దగ్గర గడవదు. కారణం పీహెచ్, అంటే నీళ్ళు ఆమ్లమా క్షారమా చెప్పే అంకె. ఈ చేపలకు కావాల్సినవి క్షారపు నీళ్ళు. టెస్ట్ కిట్ చూపించేది మొత్తం అమోనియాని. అందులో అయాన్‌గా మారకుండా మిగిలిన భాగమే చేపను చంపుతుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 అయితే ఆ భాగం దాదాపు 0.6 శాతం. పీహెచ్ 8.3 అయితే 10 శాతం. కిట్‌లో అదే లేత ఆకుపచ్చ కనిపించినా, సిక్లిడ్ మొప్పలకు తగిలే విషం 15 రెట్ల పైమాటే. పైగా మనం ట్యాంకును కిక్కిరిసేలా నింపి పెట్టాం. బాక్టీరియా పోయిన రాత్రి నుంచే అమోనియా పేరుకోవడం మొదలవుతుంది.

ఆమధ్య ఒకరింటికి వెళ్ళాను. 300 లీటర్ల ట్యాంకు, ముప్పైకి పైగా ఎంబునాలు (మలావీలో రాళ్ళ మధ్య బతికే సిక్లిడ్‌లు). ఆ ఇంటి కుర్రాడు పాత టూత్‌బ్రష్ పెట్టి సిరామిక్ రింగుల్ని ఒక్కొక్కటే తోమాడు. పాలపళ్ళలా తెల్లగా ఉన్నాయి. వాటిలో పసుపు రంగువి, ఎల్లో ల్యాబులన్నీ ఫిల్టర్ నీళ్ళు పడే మూల చేరి మొప్పలు ఎగరేస్తున్నాయి. రోజూ ట్యాంకంతా తరుముతూ తిరిగే ఆరాటస్ మగచేప రాయికి ఒరిగి పడి ఉంది. దాని పక్కనుంచే చిన్న చేపలు భయం లేకుండా పోతున్నాయి. "నా వల్లేనా?" అని అడిగాడా కుర్రాడు. అంత శ్రద్ధగా చేసిన పనికి ఏం తప్పు పడతాం? నేనూ మొదట్లో స్పాంజి మొత్తం ఒకేసారి మార్చేసి 22 చేపల్లో 19 పోగొట్టుకున్నాను. చెప్పేవాళ్ళు లేరప్పుడు.

క్లోరిన్ తీసిన నీళ్ళు అదే వేడికి తెచ్చి సగం మార్చాం. మేత ఆపేశాం, ఎయిర్‌స్టోన్ వేశాం. నా ట్యాంకులో నడుస్తున్న స్పాంజి తెచ్చి వాళ్ళ ఫిల్టర్‌లో పెట్టాను. అమోనియా సున్నాకి వచ్చేదాకా రోజూ పరీక్షించి నీళ్ళు మార్చమన్నాను. నాలుగు పోయాయి, మిగతావి నిలబడ్డాయి.

మరి ఫిల్టర్ కడగొద్దా? కడగాలి. ట్యాంకులోంచి తీసిన నీళ్ళు బకెట్లో పోసి, స్పాంజిని అందులోనే రెండుసార్లు పిండండి, చాలు. రింగుల్ని ఊరికే జాడించండి. ఒక్కసారికి సగమే. కిక్కిరిసిన ట్యాంకుకు ఒక పెద్ద ఫిల్టర్ కన్నా రెండు మామూలువి నయం, ఒకటి కడిగినప్పుడు రెండోది బరువు మోస్తుంది.

"ఫిల్టర్ పెద్దది, ఇక నీళ్ళు మార్చక్కర్లేదు" అనేది దీని తర్వాతి అపోహ. ఫిల్టర్ నైట్రేట్‌ని తయారుచేస్తుంది, తీసెయ్యదు. పైగా ఆ పనిలో నీళ్ళలోని కార్బొనేట్ ఖర్చైపోయి పీహెచ్ మెల్లగా పడిపోతుంది. నెలల తరబడి ముట్టుకోని ట్యాంకులో ఒక్కసారిగా ముప్పాతిక నీళ్ళు మారిస్తే పీహెచ్ ఎగబాకుతుంది, అప్పటిదాకా ఊరికే పడి ఉన్న అమోనియం (అయాన్‌గా మారిన భాగం) విషపు అమోనియా అవుతుంది. "నీళ్ళు మార్చినందుకే చచ్చాయి" అని చెప్పుకొనేది ఇలాంటి చోటే. వారానికి మూడో వంతు మార్చే అలవాటున్న చోట ఈ గొడవే రాదు.

ఫిల్టర్ డబ్బా మీద గంటకు ఇన్ని లీటర్లని రాసిన అంకె సాధారణంగా లోపల ఏమీ లేనప్పటిది. మీడియా (స్పాంజి, రింగులు) నింపి, ట్యాంకు ఎత్తుకు నీళ్ళు తోయాల్సి వస్తే అంత రాదు. అంకె కన్నా లోపల మీడియాకు ఎంత చోటుందో చూడండి.

తక్కువ చేపలుంటే కొట్టుకోవనుకోవడం ఎంబునాల విషయంలో తలకిందుల మాట. నాలుగే ఉంటే బలమైనది ఒకదాన్నే పట్టుకుని చంపేదాకా తరుముతుంది. గుంపుంటే ఆ కోపం పంచుకుపోతుంది. డెమసోనీ అనే ఎంబునా అయితే డజనుకు తగ్గకుండా వేయండి. మిగతావాటిలో ఒక మగకు మూడు ఆడవి ఉండనివ్వండి.

ఉప్పు వేస్తే సరస్సు నీళ్ళవుతాయా? కావు. మలావీ మంచినీటి సరస్సు. అక్కడి నీటిని క్షారంగా ఉంచేది కార్బొనేట్లు, వంటింటి ఉప్పు కాదు. ట్యాంకు చిన్నదైతే చేపా చిన్నగానే ఆగుతుందన్నది శుద్ధ అబద్ధం. ఆగదు, గిడసబారి రోగాలతో పోతుంది. రాళ్ళ మీది నాచు గీరుకుని తినే ఎంబునాలకు మాంసం ముక్కలు పెట్టకండి.

ఇంకొకటి. కరెంటు గంటల తరబడి పోతే, వచ్చాక కానిస్టర్‌ని (ట్యాంకు బయట ఉండే మూసిన డబ్బా ఫిల్టర్) అలాగే ఆన్ చేయకండి. మూసిన డబ్బాలో ఆక్సిజన్ అయిపోయి బాక్టీరియా చచ్చి నీళ్ళు కుళ్ళుతాయి, మోటారు వాటినే ట్యాంకులోకి తోస్తుంది. మూత తీసి వాసన చూడండి. కుళ్ళుగుడ్డు వాసన వస్తే ఆ నీళ్ళు పారబోసి, మీడియాని ట్యాంకు నీళ్ళలో జాడించి, అప్పుడే బిగించండి.