సైఫర్ అంటే సున్నా

చిన్నూ, బుజ్జీ,

మొన్న వీడియో కాల్‌లో "ర్యాపర్లు అస్తమానం దేవుణ్ణి ఎందుకు తలుస్తారు తాతయ్యా?" అని అడిగారు. నీళ్లు నమిలాను. రిటైరైన లెక్కల మాస్టారికి వేరే పనేముంది, కూర్చుని చదివాను.

మీరు గుండ్రంగా నిలబడి వంతులవారీగా ర్యాప్ చేస్తూ 'సైఫర్' అన్నారే, ఆ మాట దగ్గర మొదలుపెడతాను. ర్యాప్‌కి పుట్టిల్లైన హిప్ హాప్ 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, కూల్ హెర్క్ రికార్డులు తిప్పిన ఒక పార్టీలో పుట్టిందంటారు. కానీ దాని మాటలు కొన్ని అంతకు ముందే అదే ఊళ్లోని నల్లజాతివాళ్ల పేట హార్లెమ్‌లో తయారయ్యాయి. క్లారెన్స్ 13ఎక్స్ అనే ఆయన నేషన్ ఆఫ్ ఇస్లాం అనే అమెరికా నల్లజాతి మత సంస్థ నుంచి బయటికొచ్చి, 1964లో వీధి కుర్రాళ్లని చేరదీసి పాఠాలు చెప్పడం మొదలుపెట్టాడు. నూటికి 85 మందికి నిజం తెలియదట. 10 మంది తెలిసీ దాచి మిగతావాళ్లని వాడుకుంటారట. తెలిసి నేర్పేవాళ్లు 5 మందేనట. అందుకే వాళ్లు ఫైవ్ పర్సెంటర్స్ అయ్యారు. నల్లజాతి మగవాడే దేవుడని వాళ్ల నమ్మకం, ఒకరినొకరు 'గాడ్' అని పిలుచుకుంటారు. మామూలు ముస్లింలు దీన్ని ఒప్పుకోరు. ఆడవాళ్లకి మాత్రం 'భూమి' అని పేరు. ఇది విని మీ అమ్మమ్మ "అవున్లే, మోసేది మేమేగా" అంది.

వాళ్లకి అంకెలు కూడా పాఠాలే. ఒకటి జ్ఞానం, రెండు వివేకం, మూడు అవగాహన, సున్నా సైఫర్, అంటే నిండు వలయం. మనం ఎక్కాలు వల్లించినట్టు ఆ కుర్రాళ్లు గుండ్రంగా చేరి వీటిని అప్పజెప్పేవాళ్లు. అవే వీధుల్లోకి ర్యాప్ వచ్చింది. ర్యాపర్ రాకిమ్, వూ-టాంగ్ క్లాన్ అనే ర్యాప్ బృందంలోని ఆర్‌జెడ్‌ఏ ఈ పాఠాలు చదివినవాళ్లే. 'వర్డ్ ఈజ్ బాండ్' (ఇచ్చిన మాటే కట్టుబాటు) అని మీరనేది కూడా అక్కడిదే.

ర్యాప్‌కి చర్చితో గొడవా ఉంది, పొత్తూ ఉంది. 1993లో హార్లెమ్ పాస్టర్ కాల్విన్ బట్స్ బూతు ర్యాప్ మీద నిరసనగా, ఆ క్యాసెట్లని తొక్కించాలని రోడ్డు రోలర్ తెప్పించాడు. సరిగ్గా ఇరవై ఏళ్లకి, 2013లో, లెక్రే అనే ర్యాపర్‌కి గాస్పెల్ (క్రైస్తవ భక్తి సంగీతం) ఆల్బమ్‌కిచ్చే గ్రామీ అవార్డు దక్కింది.

అన్నట్టు, ఆ 'సైఫర్' ఎక్కడిదో తెలుసా? మన శూన్యాన్ని అరబ్బులు 'సిఫ్ర్' అన్నారు, అది యూరప్ చేరి సైఫర్ అయింది. కాబట్టి ఈసారి మీ సైఫర్‌లో నాకూ ఒక వంతు కావాలి. పదమూడో ఎక్కం చదువుతాను.

మీ తాతయ్య