వంద రూపాయల పెట్రోల్‌లో పాతిక

చిన్నూ, బుజ్జీ,

మామయ్య హైబ్రిడ్ కారు (పెట్రోల్ ఇంజిన్‌తో పాటు కరెంటు మోటారు, బ్యాటరీ కూడా ఉండే కారు) హైవే మీదకన్నా అమీర్‌పేట ట్రాఫిక్‌లోనే ఎక్కువ మైలేజీ ఇస్తోందని, ఇదేం వింతని మొన్న అడిగారుగా. ఫోన్‌లో నేను చెప్పిందాంట్లో సగం మీ అమ్మ కుక్కర్ కూతల్లో కలిసిపోయింది. అందుకే ఈ ఉత్తరం.

మామూలు కారులో వంద రూపాయల పెట్రోల్ పోయిస్తే చక్రాల దాకా చేరేది సుమారు పాతిక రూపాయలదే. మిగతాదంతా చాలావరకు వేడిగా మారి రేడియేటర్‌లోంచి, సైలెన్సర్‌లోంచి పోతుంది. సిటీలో ఆ పాతిక కూడా దక్కదు. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఊరికే తిరుగుతుంటుంది. పచ్చలైటు పడగానే వేగం అందుకుంటాం, నాలుగడుగులు వేసేసరికి మళ్లీ బ్రేక్. తెచ్చుకున్న వేగమంతా బ్రేక్ ప్యాడ్ల రాపిడిలో వేడైపోతుంది.

మా రోజుల్లో సైకిల్ లైటుకి, టైరుతో పాటు తిరిగి కరెంటు పుట్టించే డైనమో ఉండేది. దాన్ని టైరుకి ఆనిస్తే తొక్కడం బరువెక్కేది. హైబ్రిడ్‌లో బ్రేక్ తొక్కితే మోటారే డైనమో అవుతుంది, ఆ బరువే బండిని ఆపుతుంది. పుట్టిన కరెంటు బ్యాటరీలో చేరి, మళ్లీ కదిలేటప్పుడు అక్కరకొస్తుంది. హైవే మీద బ్రేకులే తక్కువ, ఇక తిరిగొచ్చేదేముంది?

నాకు ముచ్చటేసేది మాత్రం దాని ఇంజిన్. 1880ల్లో జేమ్స్ ఆట్కిన్సన్ అనే ఇంగ్లండాయన, పిస్టన్ గాలిని నొక్కే దూరంకన్నా మండిన వాయువు పిస్టన్‌ని తోసే దూరం ఎక్కువుండేలా ఇంజిన్ చేశాడు. చెరకుని ఇంకోసారి గానుగలో పెట్టి పిండినట్టన్నమాట. ఇప్పుడు ఇన్‌లెట్ వాల్వ్‌ని, అంటే గాలి లోపలికొచ్చే మూతని, కాస్త ఆలస్యంగా మూసి అదే పని చేయిస్తున్నారు. చిక్కల్లా, దీనికి పికప్ తక్కువ. మోటారుకేమో మొదటి లాగుడులోనే బలం. 1997లో టయోటా జపాన్‌లో ప్రియస్ అనే హైబ్రిడ్ కారుని తెచ్చినప్పుడు ఈ రెంటినీ కలిపింది. హైవే మీద కూడా అంతో ఇంతో లాభం ఉందంటే ఈ ఇంజిన్ వల్లే. అయినా రోజూ హైవే మీదే తిరిగేవాళ్లు హైబ్రిడ్‌కి అదనంగా లక్షలు పోయడం దండగని నా లెక్క.

కొత్త ఇంజిన్లన్నీ పెట్రోల్ మిగల్చవర్రా. 1963 నుంచి క్రిస్లర్ అనే కార్ల కంపెనీ అమెరికాలో యాభై టర్బైన్ కార్లను (పిస్టన్ బదులు, మండిన వాయువు తిప్పే రెక్కల చక్రంతో నడిచేవి) జనానికి వాడి చూడమని ఇచ్చింది. కిరోసిన్ పోసినా నడిచేవి. కానీ బండి ఆగి ఉన్నా టర్బైన్ నిమిషానికి దాదాపు ఇరవై వేల చుట్లు తిరిగేది. ఇంకేం మైలేజీ!

సెలవులకు వచ్చినప్పుడు మామయ్య పక్కన కూర్చుని స్క్రీన్ చూడండి. బ్రేక్ తొక్కగానే బాణం ఎటు తిరుగుతుందో నాకు చెప్పాలి.

మీ తాతయ్య