డెఫినెట్లీ, ప్రాబబ్లీ, మేబీ: అపోహలు - వాస్తవాలు

మారతహళ్లిలో సాయంత్రం పూట స్పోకెన్ ఇంగ్లీష్ చెబుతుంటాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. కడప, అనంతపురం, నెల్లూరు వైపు నుంచి బెంగళూరు వచ్చి, ఇక్కడి పీజీల్లో ఉంటూ ఆఫీసులకు వెళ్లే పిల్లలు. టెన్సులు నేర్పమంటారు, ప్రిపోజిషన్లు నేర్పమంటారు. డెఫినెట్లీ, ప్రాబబ్లీ, మేబీ లాంటి చిన్న మాటల గురించి మాత్రం ఎవరూ అడగరు. అవి వచ్చేసినట్టే అనుకుంటారు. ఆఫీసులో మాట పడేది మాత్రం చాలాసార్లు వాటి దగ్గరే.

అపోహ: డెఫినెట్లీ అంటే కాన్ఫిడెన్స్ ఉన్నట్టు కనిపిస్తుంది

ప్రొద్దుటూరు అబ్బాయి ఒకడు టెస్టింగ్‌లో పనిచేస్తున్నాడు. గురువారానికి రిపోర్టు ఇవ్వగలవా అని కాల్‌లో క్లయింటు అడిగితే "డెఫినెట్లీ" అన్నాడు. అప్పటికి సర్వర్ యాక్సెస్సే రాలేదు. గురువారం వెళ్లిపోయింది, రిపోర్టు వెళ్లలేదు. శుక్రవారం అందరిముందూ మేనేజరు నిలదీశాడు. ఆ సాయంత్రం క్లాసు అయిపోయాక కూడా లేవలేదు వాడు. "అబద్ధం చెప్పాలని కాదు మేడం, గట్టిగా మాట్లాడాలని అలా అన్నాను" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అదే మాట మీ నాన్న అడిగుంటే తెలుగులో ఏమని చెప్పేవాడివి?" అన్నాను.

కాసేపు ఆలోచించాడు. "యాక్సెస్ వస్తే గురువారానికి అయిపోవచ్చు నాన్నా, అనేవాణ్ణి."

తెలుగులో వాడు ఎంత సరిగ్గా చెప్పాడో చూడండి. 'వస్తే' అని షరతు పెట్టాడు, 'వచ్చు' అని సందు ఉంచాడు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి రెండూ పోయాయి. ఇద్దరం కూర్చుని బోర్డు మీద రాశాం: "ఇట్ విల్ ప్రాబబ్లీ బి రెడీ బై థర్స్‌డే, ఇఫ్ ఐ గెట్ ద యాక్సెస్ టుడే." ఇందులో పిరికితనం ఏముంది? విన్న క్లయింటు ఆ యాక్సెస్ సంగతి తనే చూసి ఉండేవాడు.

మన తెలుగులో ఎంత నమ్మకంగా చెబుతున్నామో క్రియ చివర్లో తెలిసిపోతుంది. వస్తాడు, వస్తాడేమో, రావచ్చు, వచ్చే ఉంటాడు, వచ్చి తీరతాడు, వచ్చాడట. ఇన్ని మెట్లు మనకు ఎవరూ నేర్పకుండానే వచ్చు. ఇంగ్లీషులో ఆ పనిలో చాలా భాగం వేరే మాటలు చేస్తాయి, అవి వాక్యంలో ముందో మధ్యలోనో విడిగా నిలబడతాయి. క్రియను మాత్రం మార్చేసి, దాని తోకను వదిలేస్తే 'వస్తాడేమో' కాస్తా 'హి విల్ కమ్' అయి కూర్చుంటుంది.

అపోహ: డెఫినెట్లీ చేరిస్తే వాక్యం బలపడుతుంది

ఇంట్లో ఎవరైనా "తాళం వేశాను" అంటే సరేనని నడుస్తాం. "వేశాను, కచ్చితంగా వేశాను" అంటే ఒకసారి వెనక్కి తిరిగి చూస్తాం. ఇంగ్లీషులోనూ అంతే. "ఐ సెంట్ ద మెయిల్" అన్నది మామూలు సమాచారం. "ఐ డెఫినెట్లీ సెంట్ ద మెయిల్" అంటే ఎవరో పంపలేదన్నారని, దానికి ఇది జవాబని వినిపిస్తుంది. ఎవరికీ అనుమానం లేనిచోట ఆ మాట అనుమానాన్ని తెచ్చిపెడుతుంది. నిజంగా అనుమానం ఉన్నచోట వాడండి, బాగా పనిచేస్తుంది.

అపోహ: ప్రాబబ్లీ అంటే ఎంతో అందరికీ తెలుసు

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠం ఇది. 1951లో అమెరికా నిఘా విభాగం యుగోస్లావియా మీద దాడి జరిగే అవకాశంపై ఒక నివేదిక ఇచ్చింది. దాడిని "సీరియస్ పాసిబిలిటీ"గా భావించాలని అందులో రాశారు. అంటే నూటికి ఎంత అని ఒక అధికారి తర్వాత అడిగితే, ఆ నివేదిక పనిలో ఉన్న షెర్మన్ కెంట్ దాడి జరగడానికి 65, జరగకపోవడానికి 35 అన్నాడు. అధికారి ఉలిక్కిపడ్డాడు. ఆయన చాలా తక్కువే అనుకున్నాడు మరి. కెంట్ తన తోటివాళ్లను కూడా అడిగి చూశాడు. అదే నివేదికకు కలిసి ఒప్పుకున్నవాళ్లలో ఒకరి లెక్క 80, ఇంకొకరి లెక్క 20! 1964లో కెంట్ ఈ సంగతంతా రాస్తూ, ఒక్కో మాటకు ఒక్కో అంకె సూచించాడు: ప్రాబబుల్ అంటే 75కి అటూ ఇటూ, ఆల్మోస్ట్ సర్టెన్ అంటే 93కి అటూ ఇటూ. ఇవాళ వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి సంఘం ఐపీసీసీ ఇచ్చే నివేదికల్లోనూ లైక్లీ అంటే 66 శాతానికి తగ్గకుండా, వెరీ లైక్లీ అంటే 90 శాతానికి తగ్గకుండా అని ముందే చెప్పి వాడతారు.

ఆఫీసులో మనకు అంకెలు అక్కర్లేదు గానీ, ప్రాబబ్లీ అన్నాక "బికాజ్" అనో "ఇఫ్" అనో ఒక ముక్క చేర్చండి. ఎంత నమ్మకమో ఎదుటివాళ్లకు అప్పుడు అందుతుంది.

అపోహ: అపారెంట్లీ అంటే స్పష్టంగా అని

కాదు. అది మన 'అట'. "అపారెంట్లీ, హి రిజైన్డ్" అంటే "రిజైన్ చేశాడట". విన్నదాన్ని బట్టో, కనబడుతున్నదాన్ని బట్టో చెబుతున్నాను, దానికి పూచీ నాది కాదు అని. స్పష్టంగా అనుకుని "అపారెంట్లీ, ఐ ఫినిష్డ్ ద వర్క్" అంటే "నేను పని పూర్తిచేశానట" అన్నట్టు ఉంటుంది. తెలుగులో 'అట' ఉండబట్టి ఈ మాట మనకు సులువుగా పట్టుబడాలి. ఒక్కసారి ఆ ముడి వేసి చూపిస్తే పిల్లలు మళ్లీ తప్పు చేయరు.

అపోహ: ష్యూర్లీ, ఆబ్వియస్లీ, ఆఫ్ కోర్స్ అన్నీ ఒకటే

"ఐ విల్ ష్యూర్లీ డు ఇట్" అని మన దేశంలో అందరం అంటాం, ఇక్కడ అర్థమవుతుంది. బ్రిటన్‌వాళ్ల నోట ష్యూర్లీ ఎక్కువగా 'కదూ?' అన్నట్టు, కాస్త ఆశ్చర్యంతో వస్తుంది. "ష్యూర్లీ యు లాక్డ్ ఇట్?" అంటే "తాళం వేశావు కదూ?" అని. మాట ఇచ్చేటప్పుడు డెఫినెట్లీయో సర్టెన్లీయో మేలు.

ఛార్జర్ ఇస్తారా అంటే "ఆఫ్ కోర్స్" అనడం మర్యాద. మీటింగ్ ఇవాళేనా అని అడిగినవాళ్లకు అదే మాట చెబితే "ఆమాత్రం తెలీదా?" అన్నట్టు తగులుతుంది. ఆబ్వియస్లీ ఇంకా గట్టిగా తగులుతుంది. ఇంటర్వ్యూలో దాన్ని అసలు తేవద్దు.

అపోహ: ఎక్కడ పెట్టినా పర్లేదు

మేబీ, పర్హాప్స్ మామూలుగా వాక్యం మొదట్లో వస్తాయి. ప్రాబబ్లీ, డెఫినెట్లీ అసలు క్రియకు ముందు. ఈజ్, ఆర్, విల్ లాంటివి ఉంటే వాటి తర్వాత. వోంట్, డిడంట్ ఉన్నప్పుడు మాత్రం వాటికి ముందు: "ఐ ప్రాబబ్లీ వోంట్ కమ్." "ఐ వోంట్ ప్రాబబ్లీ కమ్" అని రోజూ వింటుంటాను, దిద్దుకోండి.

క్లాసు చివర్లో అందరి చేతా రేపటి గురించి మూడు వాక్యాలు చెప్పిస్తాను. ముందు తెలుగులో, ఇంట్లో చెప్పినట్టే. ఆ తర్వాతే ఇంగ్లీషు. నిన్న ఒకమ్మాయి "పొద్దున వానొస్తుందేమో, సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్ ఉండి తీరుతుంది, క్యాబ్ దొరక్కపోవచ్చు" అంది. 'ఏమో'కు మేబీ పెట్టింది, 'తీరుతుంది'కి డెఫినెట్లీ పెట్టింది. 'పోవచ్చు' దగ్గర ఆగి, తలెత్తి నా వైపు చూసింది. "రోజూ ఆ టైముకి దొరుకుతుందా?" అని అడిగాను. "చాలాసార్లు దొరకదు మేడం" అంది. అయితే ప్రాబబ్లీ పెట్టమన్నాను.