చామంతి టీ మొదలెట్టాం, మాత్ర ఆపేశాం!

"ఆ నిద్రమాత్ర ఇక వద్దులే అమ్మా, చామంతి టీ మొదలెట్టాను." మా మెడికల్ షాపు కౌంటర్ దగ్గర ఈ మాట వినని నెల లేదు. పోయిన వారం మళ్ళీ విన్నాను, అందుకే రాస్తున్నా. చామంతి టీ అంటే ఎండబెట్టిన కెమొమైల్ పూలతో చేసేది.

అపోహ: టీ తాగుతున్నాం కాబట్టి మాత్ర ఆపేయొచ్చు.

ఆపకూడదు. ఆల్ప్రాజొలామ్, క్లోనజెపామ్ లాంటి నిద్రకు వాడే మాత్రలు నెలల తరబడి వాడితే ఒళ్ళు వాటికి అలవాటు పడిపోతుంది. ఉన్నట్టుండి మానేస్తే పోయిన నిద్రలేమి ఇంకా ఎక్కువై తిరిగొస్తుంది. గుండెదడ, చెమటలు, వణుకు, కొందరికి ఫిట్స్ కూడా. డాక్టర్లు డోసు కొంచెం కొంచెం తగ్గిస్తూ వారాలు, ఒక్కోసారి నెలలు పట్టి మాన్పిస్తారు.

మా వీధిలో ఒక రిటైర్డ్ మాస్టారు ఆరేళ్ళుగా రాత్రికో మాత్ర వేసుకునేవారు. వాట్సాప్‌లో ఏదో చూసి అదాటున ఆపేశారు. మూడో రోజు పొద్దున నేను షట్టర్ ఎత్తేసరికే మెట్ల మీద కూర్చుని ఉన్నారు. చేతులు వణుకుతున్నాయి. "ఈ టీ నాకు పడలేదు అమ్మాయ్" అన్నారు. టీ పాపం ఏం చేసింది మాస్టారూ! ఆటో ఎక్కించి డాక్టరు దగ్గరికి పంపాను. మాత్ర పూర్తిగా మానడానికి నాలుగు నెలలు పట్టింది. మందులకు బానిసనైపోతానేమోనన్న ఆయన భయం నాకు అర్థమవుతుంది. ఆ భయాన్ని వాడుకుని పోస్టులు పెట్టేవాళ్ళ మీదే నా కోపం.

అసలు ఈ పుకారు ఎందుకు నిలబడిందంటే, కెమొమైల్ పువ్వులోని ఎపిజెనిన్ అనే పదార్థం మెదడులో ఆ మాత్రలు పట్టుకునే చోటనే పట్టుకుంటుంది. కానీ పట్టు బలహీనం. 2009లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ వాళ్ళు ఆందోళన జబ్బున్న 57 మంది మీద ఎనిమిది వారాలు పరీక్షించి, కొంత ఉపశమనం ఉందన్నారు. అయితే అక్కడ ఇచ్చింది కెమొమైల్ సారం నింపిన క్యాప్సూల్స్, టీ కాదు. 2011లో నిద్రలేమి ఉన్న 34 మంది మీద చేసిన పరీక్షలో మందు లేని ఉత్తుత్తి మాత్రకూ కెమొమైల్ సారానికీ నిద్రలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

అపోహ: పువ్వే కదా, ఏ మందుతోనైనా తాగొచ్చు.

రక్తం పలచబడే మందు వేసుకునేవాళ్ళు జాగ్రత్త. వార్ఫరిన్ వాడుతూ ఈ టీ తాగి, ఇదే పువ్వుతో చేసిన లోషన్ కూడా రాసుకున్న 70 ఏళ్ళ ఆవిడకు లోపల రక్తస్రావం అయిందని 2006లో కెనడా వైద్య పత్రికలో వచ్చింది. ఎసిట్రోమ్ కూడా వార్ఫరిన్ కుటుంబం మందే. డాక్టరుకు చెప్పకుండా మొదలెట్టొద్దు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. దేవుడికి పెట్టే మన చామంతి, ఈ టీలో వేసే కెమొమైల్ వేరువేరు. పూల మార్కెట్లో కొన్నవి మరిగించకండి, వాటి మీద ఏ మందు కొట్టారో ఎవరికి తెలుసు! వయ్యారిభామ పడనివాళ్ళకు ఇదీ పడకపోవచ్చు, రెండూ ఒకే కుటుంబం. గ్రీన్ టీలో కెఫీన్ ఉంటుంది, ఇందులో లేదు. ఏడాది నిండని పిల్లలకు తేనె కలిపి పట్టకండి, ఆ వయసులో తేనె ప్రమాదం.

షాపు కట్టేసి ఇంటికెళ్ళాక నేనూ ఒక కప్పు తాగుతాను. మరిగిన నీళ్ళలో చెంచాడు పూలు వేసి ఐదు నిమిషాలు మూత పెడితే చాలు. పడుకోవడానికి గంట ముందే తాగండి, లేకపోతే నడిరాత్రి బాత్రూముకు లేవాలి. మా ఆయనైతే "వేడినీళ్ళకు ఇంత ఖర్చా" అంటారు.